పళ్ళ డాక్టర్లలో ఎన్ని రకాలు? ఏ బాధకు ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

పన్ను నొప్పి మొదలైతే మన ఇళ్ళలో ముందుగా లవంగం పెడతాం. తగ్గకపోతే మెడికల్ షాపు నుండి మాత్ర తెచ్చుకుంటాం. అదీ పనిచేయకపోతే "పీకించేస్తే పీడా పోతుంది" అంటాం. ఈ మూడూ అయ్యాకే చాలామంది ఆసుపత్రికి వస్తారు. తీరా వచ్చాక డాక్టరు గారు చూసి, "దీన్ని ఎండోడాంటిస్టుకు చూపించండి" అనో, "సర్జన్ గారి దగ్గరకు వెళ్ళండి" అనో చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ పట్టుకొని బంధువులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "సిస్టర్, పళ్ళ డాక్టరు అంటే పళ్ళ డాక్టరే కదా! మళ్ళీ ఇంకొకరి దగ్గరకు ఎందుకు?"

ఇది సబబైన ప్రశ్నే. కంటికి ఒక డాక్టరు, ఎముకలకు ఒక డాక్టరు ఉన్నట్టే నోటి వైద్యంలో కూడా వేర్వేరు శాఖలు ఉన్నాయి. అవి ఏమిటో, ఒక్కో శాఖలో ఏ చికిత్స దొరుకుతుందో తెలిస్తే రోగిని సరైన చోటికి సరైన సమయంలో తీసుకువెళ్ళగలుగుతాం. నిలుపుకోగలిగిన పన్నును అనవసరంగా పోగొట్టుకోము. కొన్ని సందర్భాల్లో ప్రాణాపాయం కూడా తప్పుతుంది. అందుకే రోగుల కుటుంబ సభ్యుల కోసం ఈ వివరాలు రాస్తున్నాం.

ముందుగా పన్ను గురించి నాలుగు మాటలు

మనిషికి రెండు జతల పళ్ళు వస్తాయి. పాలపళ్ళు 20. ఇవి సుమారు ఆరవ నెలలో మొదలై, రెండున్నర మూడేళ్ళకు పూర్తిగా వస్తాయి. శాశ్వత దంతాలు 32. ఇవి ఆరేళ్ళ వయసులో మొదలవుతాయి. చివరగా వచ్చే జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుండి 25 ఏళ్ళ మధ్య వస్తాయి. కొందరికి అసలు రాకపోవచ్చు కూడా.

పన్నుకు మూడు పొరలు ఉంటాయి. పైన కనిపించే తెల్లని గట్టి పొర ఎనామిల్. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం ఇదే. దాని కింద డెంటీన్ అనే పొర ఉంటుంది. మధ్యలో మెత్తని పల్ప్ ఉంటుంది. నరం, రక్తనాళాలు ఉండేది ఇందులోనే.

మనం తిన్న తీపి, పిండి పదార్థాలు పంటికి అంటుకొని ఉంటే నోట్లోని సూక్ష్మక్రిములు వాటిని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. దీన్నే మనం పుప్పిపన్ను అంటాం. పుప్పి పై పొరలో ఉన్నంతకాలం నొప్పి ఉండదు. డెంటీన్‌కు చేరితే చల్లటి నీళ్ళు తాగినా, తీపి తిన్నా జివ్వుమంటుంది. పల్ప్‌కు చేరితే రాత్రిళ్ళు నిద్రపట్టని నొప్పి వస్తుంది. వేరు కొసకు చేరితే చీము పడుతుంది. ఈ నాలుగు మెట్లు గుర్తుంచుకోండి. మొదటి మెట్టులో వస్తే చిన్న ఫిల్లింగ్‌తో సరిపోయేది, నాలుగో మెట్టులో వస్తే ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు.

చదువు, శాఖలు

దంత వైద్యులందరూ ముందు బి.డి.ఎస్. చదువుతారు. పరీక్ష చేయడం, ఫిల్లింగ్, పళ్ళు శుభ్రం చేయడం, మామూలుగా పన్ను తీయడం, కట్టుడు పళ్ళు పెట్టడం వంటి సాధారణ చికిత్సలన్నీ వీరు చేస్తారు. కాబట్టి మొదట వెళ్ళవలసింది వీరి దగ్గరకే. ఆ తర్వాత మరో మూడేళ్ళు ఒక శాఖలో ప్రత్యేకంగా చదివితే ఎం.డి.ఎస్. అంటారు. మన దేశంలో ఎం.డి.ఎస్. చదువుకు తొమ్మిది శాఖలు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

1. పుప్పిపళ్ళు, రూట్ కెనాల్ చూసే శాఖ (ఎండోడాంటిక్స్)

పన్నును తీయకుండా నిలబెట్టడం ఈ శాఖ పని. పుప్పి చిన్నదైతే పాడైన భాగాన్ని తొలిచి సిమెంటు నింపుతారు. పూర్వం ఎక్కువగా వెండి సిమెంటు వాడేవారు. ఇప్పుడు పంటి రంగులో ఉండే కాంపోజిట్, గ్లాస్ అయనోమర్ వంటివి ఎక్కువగా వాడుతున్నారు.

పుప్పి నరం దాకా వెళితే రూట్ కెనాల్ చేయాలి. ఈ మాట వినగానే చాలామంది భయపడతారు. నిజానికి జరిగేది ఇది: మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పంటిలో చిన్న రంధ్రం చేసి, పాడైన పల్ప్‌ను సన్నని సూదుల వంటి పరికరాలతో తీసివేస్తారు. వేరు లోపలి గొట్టాన్ని మందుతో కడిగి, గటాపర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో మూసివేస్తారు. ఒకటి నుండి మూడు సార్లు రావలసి ఉంటుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. మొదటిసారి రాగానే నొప్పి తగ్గుతుంది. ఇక ఎందుకులే అని తర్వాత రారు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు కొన్నాళ్ళకు ఊడిపోయి క్రిములు మళ్ళీ లోపలికి చేరతాయి. ఈసారి పన్ను దక్కకపోవచ్చు. అలాగే రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను పెళుసుగా మారి విరిగే అవకాశం ఎక్కువ. అందుకే దానిపై తొడుగు, అంటే క్యాప్ వేయించుకోమంటారు. అది అందం కోసం చెప్పిన మాట కాదు.

2. చిగుళ్ళ శాఖ (పీరియోడాంటిక్స్)

పన్ను గట్టిగా ఉన్నా దాన్ని పట్టి ఉంచే చిగురు, ఎముక పాడైతే పన్ను నిలవదు. పునాది లేని గోడ లాంటిదే. పళ్ళ మీద మెత్తగా పేరుకున్న పాచి శుభ్రం చేయకపోతే గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్‌తో పోదు. దాని వల్ల చిగుళ్ళు వాచి, తోముకునేటప్పుడు రక్తం వస్తుంది. ఈ దశలో క్లీనింగ్ చేయించుకుంటే పూర్తిగా నయమవుతుంది. నిర్లక్ష్యం చేస్తే లోపలి ఎముక కరుగుతుంది. అలా కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. పళ్ళు కదలడం, సందులు పడడం, నోటి దుర్వాసన దీని గుర్తులు. అప్పుడు చిగురు తెరిచి లోపల శుభ్రం చేసే ఫ్లాప్ ఆపరేషన్ అవసరం కావచ్చు.

షుగరు ఉన్నవారు ఈ శాఖను మరచిపోకూడదు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ళలో చీము ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. మాత్రలు సరిగా వేసుకుంటున్నా షుగరు తగ్గకపోతే ఒకసారి నోరు కూడా చూపించండి.

3. నోరు, దవడ, ముఖం ఆపరేషన్ల శాఖ (ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీ)

వంకరగా ఇరుక్కుపోయిన జ్ఞానదంతాన్ని తీయడం, ప్రమాదంలో విరిగిన దవడను సరిచేయడం, దవడలో గడ్డలు, చీము తీయడం, పుట్టుకతో వచ్చే గ్రహణం మొర్రి, అంగిలి చీలికలకు ఆపరేషన్ చేయడం ఈ శాఖ పరిధిలోకి వస్తాయి.

గ్రహణం మొర్రి విషయంలో తల్లిని నిందించడం ఇప్పటికీ చూస్తున్నాం. గ్రహణం రోజు బయటకు వచ్చిందని, కత్తి పట్టిందని అత్తింటివారు అంటారు. ఇది గ్రహణం వల్ల వచ్చేది కాదు. గర్భంలో తొలి మూడు నెలల్లో పెదవి, అంగిలి భాగాలు సరిగా కలుసుకోకపోవడం వల్ల వస్తుంది. పెదవి ఆపరేషన్ సాధారణంగా 3 నుండి 6 నెలల వయసులో, అంగిలి ఆపరేషన్ 9 నుండి 18 నెలల మధ్య చేస్తారు. మాటలు వచ్చే వయసు దాటకముందే అంగిలి మూయడం ముఖ్యం. ఆలస్యమైతే మాట ముక్కుతో వస్తుంది. అంతవరకు బిడ్డ బరువు పెరగాలి కాబట్టి, పాలు పట్టే పద్ధతిని నర్సు దగ్గర తప్పకుండా నేర్చుకోండి.

టూవీలర్ ప్రమాదాల్లో దవడ విరిగిన వారికి ప్లేట్లు వేస్తారు. కొందరికి పై దవడ, కింది దవడ కలిపి తీగలతో కట్టి కొన్ని వారాలు ఉంచుతారు. ఆ రోజుల్లో రోగికి జావ, పాలు, పప్పు నీళ్ళు, పల్చటి మజ్జిగ వంటివే ఇవ్వాలి. ఇంటికి పంపేటప్పుడు తీగ కత్తిరించే పరికరం ఇస్తే దాన్ని ఎప్పుడూ రోగి పక్కనే ఉంచండి. వాంతి అయి ఊపిరి ఆడకపోతే ఏ తీగ కత్తిరించాలో డాక్టరు గారి దగ్గర ముందే చూపించుకోండి.

4. కట్టుడు పళ్ళ శాఖ (ప్రాస్తోడాంటిక్స్)

పోయిన పళ్ళ స్థానంలో కొత్తవి పెట్టడం వీరి పని. ఇందులో నాలుగు రకాలు ఉన్నాయి. తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు మొదటిది. పక్క పళ్ళను అరగదీసి వాటి ఆధారంగా కదలకుండా అమర్చే బ్రిడ్జి రెండోది. పాడైన పంటిపై తొడిగే క్యాప్ మూడోది. దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి దానిపై పన్ను అమర్చే ఇంప్లాంట్ నాలుగోది. స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త 1965లో మొదటిసారి ఒక రోగికి ఈ టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. స్క్రూ ఎముకతో కలిసిపోవడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. పొగ తాగేవారికి, షుగరు అదుపులో లేనివారికి ఇది విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

"ఈ వయసులో నాకు పళ్ళెందుకు?" అని పెద్దవాళ్ళు అంటారు. పిల్లలు కూడా సరేలే అని ఊరుకుంటారు. పళ్ళు లేని పెద్దాయన మెల్లగా కూరలు, పండ్లు, మాంసం మానేసి, పలచని అన్నం, టీ బిస్కెట్ల మీదకు వస్తారు. బరువు తగ్గుతారు, నీరసపడతారు. నలుగురిలో కూర్చొని తినడానికి సిగ్గుపడతారు. ఇంట్లోవాళ్ళు అది ముసలితనం అనుకుంటారు. ఖర్చు భరించలేకపోతే ఇంప్లాంటే పెట్టించాలని లేదు. మామూలు పళ్ళ సెట్టుతో కూడా ఎంతో తేడా వస్తుంది.

పళ్ళ సెట్టును రాత్రి తీసి నీళ్ళలో వేయాలి. మెత్తని బ్రష్, సబ్బుతో కడగాలి. వేడినీళ్ళు పోస్తే వంకర పోతుంది. మొదటి వారం రోజులు ఒరుసుకోవడం మామూలే. పుండు పడితే మాత్రం ఇంట్లో ఆకురాయితో గీకకుండా డాక్టరుకు చూపించాలి.

5. ఎత్తుపళ్ళ శాఖ (ఆర్థోడాంటిక్స్)

ఎత్తుపళ్ళు, వంకర పళ్ళు, ఎగుడు దిగుడు దవడలను సరిచేయడం వీరి పని. పళ్ళకు క్లిప్పులు వేసి, తీగ బిగించి మెల్లమెల్లగా జరుపుతారు. సాధారణంగా ఏడాదిన్నర నుండి రెండేళ్ళు పడుతుంది. ఎక్కువమందికి 11 నుండి 14 ఏళ్ళ మధ్య వేస్తారు. ఏడెనిమిదేళ్ళకే ఒకసారి చూపిస్తే దవడ ఎదుగుదలలో తేడా ఉంటే ముందే తెలుస్తుంది. బొటనవేలు చప్పరించడం, నోటితో గాలి పీల్చడం వంటి అలవాట్లను కూడా ఇక్కడ మాన్పిస్తారు. చిగుళ్ళు బాగుంటే పెద్దవారు కూడా వేయించుకోవచ్చు.

క్లిప్పులు తీసిన తర్వాత రిటైనర్ ఇస్తారు. అది పెట్టుకోకపోతే పళ్ళు మళ్ళీ పాత చోటికి జరుగుతాయి. అమ్మాయి పెళ్ళి నెల రోజుల్లో ఉందని తొందరపెట్టి వచ్చేవారు ఉంటారు. పన్ను ఎముకలో జరగడానికి దాని సమయం దానికి కావాలి.

6. పిల్లల పళ్ళ శాఖ (పీడోడాంటిక్స్)

"పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోయేవే" అనే మాట చాలా నష్టం చేస్తుంది. వెనుక పాలపళ్ళు 10, 12 ఏళ్ళ వరకు ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, కింద నుండి రావలసిన శాశ్వత దంతానికి దారి ఉండదు. అది వంకరగా వస్తుంది. అందుకే పాలపళ్ళకు కూడా ఫిల్లింగ్, నరం చికిత్స, స్టీలు క్యాప్ చేస్తారు. పన్ను తీయక తప్పకపోతే ఆ ఖాళీని కాపాడడానికి స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న తీగ పెడతారు.

మరో ముఖ్య విషయం. ఆరేళ్ళకు అన్నిటికంటే వెనుక ఒక దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏ పాలపన్నూ ఊడదు. అందుకే తల్లిదండ్రులు దాన్ని కూడా పాలపన్నే అనుకొని పట్టించుకోరు. అది శాశ్వత దంతం. పోతే మళ్ళీ రాదు. దాని గాడులను సీలెంట్‌తో మూయిస్తే పుప్పి పట్టకుండా ఉంటుంది.

రాత్రి పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చితే ముందు పళ్ళన్నీ నల్లగా కరిగిపోతాయి. పాలు పట్టాక తడిగుడ్డతో పళ్ళు తుడవండి. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేళ్ళవారికి బఠాణీ గింజంత పేస్టు చాలు.

7. నోటి పరీక్ష, ఎక్స్‌రేల శాఖ (ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ)

నోటి పుండ్లు, తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు, నోటి మంట, దవడ కీలు నొప్పి వంటివి వీరు చూస్తారు. రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనిపించే ఓ.పి.జి. ఎక్స్‌రే, ఒక్కో పంటికి తీసే చిన్న ఎక్స్‌రే ఇక్కడే చూసి చెబుతారు.

ఈ శాఖ విలువ మన రాష్ట్రాల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తీర గ్రామాల్లో చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకొని తాగే అలవాటు ఆడవారిలో ఉంది. దీన్ని అడ్డపొగ అంటారు. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగిలి అక్కడ మచ్చలు, ఆ తర్వాత క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఇక గుట్కా, ఖైనీ, వక్కపొడి నమలడం అన్ని జిల్లాల్లోనూ ఉంది. పొగాకు లేకుండా ఒట్టి వక్క నమిలినా ప్రమాదమే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో వక్కను క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది. వక్క నమిలేవారికి నోరు లోపల తోలు గట్టిపడి, కారం తగిలితే మంట పుట్టి, నోరు క్రమంగా తెరుచుకోకుండా పోతుంది. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే వెంటనే చూపించండి.

రెండు వారాలు దాటినా మానని పుండు ఏదైనా సరే, నొప్పి లేకపోయినా సరే, డాక్టరు చూడాలి. నోటి క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు. నొప్పి లేదని ఊరుకోవడమే ఆలస్యానికి కారణం అవుతోంది.

8. ముక్క పరీక్ష శాఖ (ఓరల్ పాథాలజీ)

ఈ డాక్టరును రోగులు ఎక్కువగా చూడరు. మచ్చ లేదా గడ్డ నుండి తీసిన చిన్న ముక్కను మైక్రోస్కోపు కింద చూసి జబ్బు ఏమిటో తేల్చేది వీరే. దీన్ని బయాప్సీ అంటారు. "ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది" అని చాలా కుటుంబాలు ఒప్పుకోవు. నోటి మచ్చల విషయంలో ఈ భయం అవసరం లేదు. ముక్క పరీక్ష చేయకుండా ఏ చికిత్స చేయాలో నిర్ణయించలేరు. వాయిదా వేసిన ప్రతి నెలా జబ్బుకే లాభం.

9. సమాజ దంత వైద్య శాఖ (పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ)

పాఠశాలల్లో, గ్రామాల్లో క్యాంపులు పెట్టి జబ్బు రాకుండా చూడడం వీరి పని. ఫ్లోరైడు సమస్య ఇందుకు మంచి ఉదాహరణ. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు గుర్తించి ప్రకటించారు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు దీనివల్ల ఎంత బాధపడ్డాయో మనకు తెలుసు. పళ్ళు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఫ్లోరైడు ఎక్కువ ఉన్న నీళ్ళు తాగితే పళ్ళపై సుద్దలాంటి తెల్లచారలు, గోధుమ రంగు మరకలు వస్తాయి. ఎంత తోమినా అవి పోవు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. పటిక, సున్నం వాడి ఫ్లోరైడును తగ్గించే విధానానికి నల్లగొండ పద్ధతి అనే పేరే వచ్చింది. మరకలు వచ్చిన పళ్ళకు పై పూత, క్యాప్ వంటి చికిత్సలు ఉన్నాయి. కానీ చిన్న పిల్లలకు మంచి నీళ్ళు ఇవ్వడమే అసలైన మందు.

ఈ గుర్తులు ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి రండి

పంటి చీము అన్నిసార్లూ పంటి దగ్గరే ఆగదు. కింది దవడ పన్ను నుండి చీము నాలుక కిందకు, మెడలోకి పాకితే ఊపిరి దారి మూసుకుపోతుంది. పన్ను నొప్పి అని వారం రోజులు మాత్రలతో నెట్టుకొచ్చి, చివరకు మెడ వాచి, చొంగ మింగలేని స్థితిలో స్ట్రెచర్ మీద వచ్చిన వారికి మేము సేవ చేశాం. అలాంటి వారికి కొన్నిసార్లు మెడ దగ్గర రంధ్రం చేసి ఊపిరి దారి ఇవ్వాల్సి వస్తుంది. కాబట్టి కింది గుర్తులు ఉంటే తెల్లారే దాకా ఆగవద్దు.

- దవడ కింద లేదా మెడలో వాపు పెరుగుతూ ఉండడం
- మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, నాలుక పైకి లేచినట్టు ఉండడం
- ఊపిరి తీసుకోవడం కష్టం కావడం
- వాపు కంటి దాకా వచ్చి కన్ను మూసుకుపోవడం
- నోరు తెరవలేకపోవడం, జ్వరం, చలి
- పన్ను తీసిన తర్వాత ఒత్తి పెట్టినా రక్తం ఆగకపోవడం

ఇలాంటి వాపుకు బయటి నుండి కాపడం పెట్టవద్దు. పసరు పూయవద్దు.

దెబ్బ తగిలి పన్ను ఊడిపోతే

పిల్లవాడు పడి శాశ్వత దంతం వేరుతో సహా ఊడి వస్తే పారేయకండి. పంటిని తెల్లగా కనిపించే పై భాగం దగ్గర పట్టుకోండి, వేరును తాకవద్దు. మట్టి అంటితే నీళ్ళతో మెల్లగా ఒక్కసారి కడగండి, రుద్దవద్దు. వీలైతే అదే గుంటలో పెట్టి శుభ్రమైన గుడ్డ కరిచి పట్టుకోమనండి. వీలుకాకపోతే చల్లటి పాలలో వేసి తీసుకురండి. అరగంట, గంట లోపు వస్తే మళ్ళీ అతుక్కునే అవకాశం బాగా ఉంటుంది. పాలపన్ను అయితే తిరిగి పెట్టరు. అయినా పిల్లవాడిని చూపించాలి.

చికిత్సకు ముందు డాక్టరుకు చెప్పవలసినవి

రోగి మరచిపోయినా తోడు వచ్చినవారు చెప్పాలి. వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకురండి.

- బి.పి., షుగరు, ఫిట్స్, ఉబ్బసం, కామెర్లు ఉన్నాయా?
- గుండె కవాటం మార్చారా? గుండె జబ్బు ఉందా? కొందరికి పన్ను తీయడానికి ముందే యాంటీబయాటిక్ ఇవ్వాలి.
- రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. ఆపితే గుండెపోటు, పక్షవాతం రావచ్చు. ఆపాలా వద్దా అన్నది డాక్టర్లు ఇద్దరూ మాట్లాడుకొని చెబుతారు.
- ఎముకల బలానికి లేదా క్యాన్సర్‌కు ఇంజెక్షన్లు తీసుకున్నారా? దవడకు కరెంటు పెట్టించుకున్నారా? ఇలాంటి వారికి పన్ను తీస్తే దవడ ఎముక మానకపోవచ్చు.
- గర్భవతి అయితే ఎన్నో నెల? గర్భిణీలకు దంత వైద్యం చేయకూడదన్నది తప్పు. నాలుగు నుండి ఆరు నెలల మధ్య అనుకూలంగా ఉంటుంది. చీము, నొప్పి ఉంటే ఏ నెలలోనైనా చూపించాలి.
- ఏ మందైనా పడక దద్దుర్లు, ఆయాసం వచ్చాయా?

పన్ను తీయించుకునే రోజు ఏదైనా తిని రండి. ఖాళీ కడుపుతో వచ్చి కళ్ళు తిరిగి పడిపోయేవారు ఉన్నారు. పూర్తి మత్తు ఇస్తామని చెబితే మాత్రం చెప్పిన సమయం నుండి ఏమీ తినకూడదు.

పన్ను తీసిన తర్వాత

పెట్టిన దూదిని ముప్పావు గంట గట్టిగా కరిచి పట్టుకోవాలి. మాటిమాటికీ ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు. గుంటలో గడ్డకట్టిన రక్తమే గాయానికి మూత. అది ఊడితే రెండు మూడు రోజుల తర్వాత తీవ్రమైన నొప్పి వస్తుంది. ఆ రోజు చల్లటి, మెత్తటి ఆహారం ఇవ్వండి. స్ట్రాతో తాగవద్దు. బీడీ, చుట్ట, గుట్కా ముట్టకూడదు. 24 గంటల తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్ళతో మెల్లగా పుక్కిలించాలి.

కొన్ని అపోహలు – నిజాలు

*పై పన్ను తీస్తే కంటిచూపు పోతుంది.* పోదు. కంటి నరం వేరు, పంటి నరం వేరు.

*క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి.* గార ఎముకను ముందే కరిగించి ఉంటుంది. గారే పళ్ళను పట్టి ఉంచినట్టు కనిపిస్తుంది. అది తీసేసరికి అసలు సంగతి బయటపడుతుంది.

*పంటిలో పురుగు ఉంటుంది, మంత్రం వేసి తీస్తారు.* కంటికి కనిపించే పురుగు పుప్పిపంటిలో ఉండదు. సంతల్లో తీసి చూపించేది కనికట్టు.

*బొగ్గు, ఇటుక పొడి, ఉప్పుతో తోమితే పళ్ళు గట్టిపడతాయి.* ఇవి ఎనామిల్‌ను అరగదీస్తాయి. పొగాకు పొడితో తోమడం మరీ ప్రమాదం.

*నొప్పి ఉన్న చోట మాత్ర నలిపి పెట్టాలి.* చిగురు, బుగ్గ కాలి పుండు పడుతుంది.

మంచం పట్టిన రోగికి నోటి శుభ్రత

పక్షవాతం వచ్చినవారికి, స్పృహ సరిగా లేనివారికి రోజూ రెండుసార్లు నోరు శుభ్రం చేయాలి. నోట్లోని పాచి, క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. రోగిని పక్కకు తిప్పి, బుగ్గ కింద టవల్ పెట్టి, మెత్తని బ్రష్ లేదా తడి గాజుగుడ్డతో పళ్ళు, చిగుళ్ళు, నాలుక తుడవండి. నీళ్ళు నోట్లో పోయవద్దు. కట్టుడు పళ్ళు ఉంటే తీసి విడిగా కడగండి. ఆపరేషన్‌కు తీసుకువెళ్ళే ముందు కట్టుడు పళ్ళ సంగతి నర్సుకు తప్పక చెప్పండి.

ఖర్చు గురించి ఒక మాట

పళ్ళ వైద్యానికి ఖర్చు ఎక్కువ అనే భయంతో చాలామంది ఆలస్యం చేస్తారు. ఆ ఆలస్యం వల్లే ఖర్చు పెరుగుతుంది. మొదట్లో ఒక ఫిల్లింగ్‌తో పోయేది, ఆలస్యమైతే రూట్ కెనాల్, క్యాప్ అవుతుంది. ఇంకా ఆలస్యమైతే పన్ను తీయడం, కొత్త పన్ను పెట్టడం అవుతుంది. హైదరాబాదు, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో పలు శాఖల డాక్టర్లు ఒకే చోట ఉంటారు. ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా బయటి క్లినిక్కుల కంటే ఖర్చు సాధారణంగా తక్కువ. నోటి క్యాన్సర్ వంటి పెద్ద జబ్బులకు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ పథకాలు ఉన్నాయి. మీ చికిత్సకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని పథకం కౌంటరు దగ్గర అడగండి.

ఉదయం, రాత్రి పడుకునే ముందు రెండేసి నిమిషాలు మెత్తని బ్రష్‌తో తోముకోవడం, మూడు నెలలకోసారి బ్రష్ మార్చడం, తీపి చిరుతిళ్ళు తగ్గించడం, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి నోరు చూపించుకోవడం ఇంటిల్లిపాదికీ అలవాటు కావాలి. రోగిని చూడడానికి ఆసుపత్రికి వచ్చినప్పుడు మీ నోరు కూడా ఒకసారి చూపించుకొని వెళ్ళండి. నొప్పి లేని రోజే అందుకు మంచి రోజు.